'సెట్' అనే ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి? పిల్లలకు ఏ వరుసలో చెప్పాలి?

పాఠశాలగంట

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధిస్తున్నాను. తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లల్లో చాలామంది ఇంతవరకు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారే. ఈ మధ్య చెప్పిన ఒక పాఠంలో ఒకే పేజీలో 'సెట్' అనే మాట మూడు చోట్ల కనిపించింది. ఒకచోట పొద్దు గుంకడం, ఇంకొకచోట ప్రయాణానికి బయలుదేరడం, మరొకచోట పింగాణీ కప్పుల సెట్టు. పిల్లలు నిఘంటువు తెరిచి, అందులో వరుసగా ఉన్న అర్థాలన్నిటినీ నోట్‌బుక్కుల్లోకి ఎక్కించుకుని బట్టీ పట్టడం మొదలుపెట్టారు. అలా నేర్చిన మాట పరీక్ష దాటిన తరువాత నిలవదని మీకూ తెలుసు.

నేను అడగదలచినవి రెండు. ఈ అర్థాలన్నిటినీ కలిపే మూలసూత్రం ఏదైనా ఉన్నదా? 'పుట్', 'ప్లేస్', 'లే', 'ఫిక్స్' వంటి పర్యాయపదాలు ఉండగా 'సెట్' అనే మాటనే ఎక్కడ వాడాలో పిల్లలకు ఎలా తెలియజెప్పాలి? తెలిసినవారు ఉదాహరణలతో వివరించగలరని కోరుతున్నాను.

నిఘంటుప్రియ

మాస్టారూ, మీ పిల్లలు తడబడటంలో ఆశ్చర్యం లేదు. ఈ మాట ఇంగ్లీషు నిఘంటుకారులకే పెద్ద పరీక్ష పెట్టింది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు మొదటి భాగం 1884లో వెలువడింది, మొత్తం పని 1928లో ముగిసింది. ఆ కూర్పులో అన్నిటికన్నా పొడవైన ఆరోపం, అంటే ఒక మాటకు ఇచ్చే వివరణ, 'సెట్' అనే క్రియదే. 'ఎస్' అక్షరంలోని ఆ భాగానికి సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ. 1989లో ఇరవై సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పులో ఈ క్రియకు సుమారు 430 అర్థభేదాలు చూపారు, వాటి వివరణకు దాదాపు 60,000 మాటలు పట్టాయి. అంటే ఒక్క మాట వివరణే ఒక చిన్న నవలంత అయింది. ఆ తరువాత కొత్త కూర్పు పనిలో 'రన్' అనే క్రియ 645 అర్థాలతో దీన్ని దాటిపోయింది. ఆ ఒక్క మాటను సవరించడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది.

ఈ అంకెలను పిల్లలకు తప్పక చెప్పండి. తమకు కష్టమనిపించినది నిజంగానే కష్టమైన విషయమని తెలిస్తే వారికి ధైర్యం కలుగుతుంది. అయితే ఆ 430లో అధికభాగం ఒకే అర్థం వేర్వేరు సందర్భాల్లో తీసుకున్న రూపాలు. పడవ తెరచాప, కొలిమి, తోట, చర్చి, కోర్టు, ముద్రణశాల, ఇలా ప్రతి వృత్తివారూ ఈ మాటను తమ పనికి తగినట్టు వాడుకున్నారు. నిఘంటువు వాటిని విడివిడిగా నమోదు చేయక తప్పలేదు.

ధాతువు

మూలం దగ్గర నుంచి మొదలుపెడితే దారి సులువవుతుందని నా అభిప్రాయం. 'సిట్' అంటే కూర్చోవడం, 'సెట్' అంటే కూర్చోబెట్టడం. పాత ఇంగ్లీషులో 'సెట్టన్' అనేది 'సిట్టన్' అనే క్రియకు ప్రేరణార్థక రూపం. మనం తినుకు తినిపించు, కూర్చొనుకు కూర్చోబెట్టు అన్నట్టే. ఈ కుటుంబానికి సంస్కృతంలోని 'సద్' ధాతువు దగ్గరి చుట్టం. సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు ఆ ధాతువు నుంచి వచ్చినవే. 'సీదతి' అంటే కూర్చుంటున్నాడు, 'సాదయతి' అంటే కూర్చోబెడుతున్నాడు. 'సిట్', 'సెట్' మధ్య ఉన్న సంబంధం అచ్చంగా ఇదే.

ఈ ఒక్క సూత్రంతో చాలా అర్థాలు వాటంతట అవే తెరుచుకుంటాయి. గడియారాన్ని 'సెట్' చేయడమంటే ముల్లును అది ఉండవలసిన చోట కూర్చోబెట్టడం. విరిగిన ఎముకను 'సెట్' చేయడమంటే తొలగిన ముక్కను తన స్థానంలో కూర్చోబెట్టి కట్టు కట్టడం. ఉంగరంలో రాయిని 'సెట్' చేయడం, రోజును నిర్ణయించడం, ధరను ఖరారు చేయడం, నియమం పెట్టడం, అన్నిటిలోనూ ఒక వస్తువునో విషయాన్నో ఒక స్థితికి తెచ్చి అక్కడ నిలపడమే ఉంది. పొద్దు గుంకడం కూడా ఇందులోకే వస్తుంది. పాత ఇంగ్లీషులో సూర్యుడు తన ఆసనానికి చేరాడనే పలుకుబడి ఉండేది. దినమంతా ఆకాశంలో నడిచినవాడు సాయంత్రం కూర్చుంటాడన్నమాట.

కాంక్రీటు

ధాతువు గారి వివరణ చాలా బాగుంది. అందులో నిలవడం అనే అంశాన్ని నా వృత్తి వైపు నుంచి బలపరచదలచాను. మా పనిలో 'సెట్టింగు', 'హార్డెనింగు' అనేవి రెండు వేర్వేరు దశలు. సాధారణ నిఘంటువులు వీటిని పర్యాయపదాలుగా చూపుతాయి కానీ, సైటు మీద ఆ రెండిటినీ ఒకటిగా భావిస్తే కట్టడానికే ముప్పు.

సిమెంటులో నీరు కలపగానే అది మెత్తని ముద్దగా ఉంటుంది. కొంతసేపటికి ఆ ముద్ద ఆకారం మార్చుకునే గుణాన్ని కోల్పోతుంది. దానినే 'సెట్' కావడం అంటాము. దీన్ని కొలవడానికి వికా ఉపకరణం అనే చిన్న పరికరం ఉంది. 40 మిల్లీమీటర్ల లోతున్న అచ్చులో సిమెంటు ముద్దను నింపి, పై నుంచి ఒక సన్నని సూదిని వదులుతారు. మొదట్లో సూది అడుగుదాకా దిగిపోతుంది. అది అడుగు నుంచి సుమారు 5 మిల్లీమీటర్ల ఎత్తులో ఆగిపోయిన సమయాన్ని ప్రారంభ సెట్టింగు సమయంగా లెక్కిస్తారు. భారతీయ ప్రమాణాల ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు అది 30 నిమిషాలకు తగ్గకూడదు, తుది సెట్టింగు 600 నిమిషాలు దాటకూడదు. మరీ త్వరగా బిగిసిపోకుండా ఉండేందుకే సిమెంటు తయారీలో జిప్సం కలుపుతారు. బలం పుంజుకోవడం అనే రెండో దశ ఆ తరువాత రోజుల తరబడి సాగుతుంది. అందుకే కాంక్రీటు బలాన్ని 28 రోజులకు పరీక్షిస్తాము.

కాబట్టి 'సెట్' అంటే గట్టిపడటం అని మాత్రమే చెప్పి వదిలేయకండి. ఇక కదలను అని ఒక రూపంలో నిలిచిపోవడం 'సెట్', ఆ రూపంలో బలపడటం 'హార్డెన్'.

వంటిల్లు

కాంక్రీటు గారు చెప్పిన తేడా వంటింట్లోనూ ఉంది, పైగా మన తెలుగు అక్కడ ఇంగ్లీషు కన్నా ఎంతో నిక్కచ్చిగా ఉంటుంది. పెరుగు తోడుకుంటుంది. నెయ్యి పేరుకుంటుంది. నీరు గడ్డకడుతుంది. బెల్లం పాకం ముదురుతుంది. జున్ను గట్టిపడుతుంది. వీటిలో పెరుగుకూ జెల్లీకీ ఇంగ్లీషువారు 'సెట్' అంటారు. నీటికి 'ఫ్రీజ్' అనాలి, రక్తానికి 'క్లాట్' అనాలి, నెయ్యి వంటి కొవ్వు పదార్థానికి 'కంజీల్' అనో 'సాలిడిఫై' అనో అనాలి. పిల్లలకు ఈ తెలుగు క్రియలు ముందే తెలుసు కనుక, ఒక్కొక్క తెలుగు క్రియ పక్కన దానికి తగిన ఇంగ్లీషు క్రియను రాయిస్తే పర్యాయపదాల మధ్య హద్దులు వారికే కనిపిస్తాయి.

మరొక మాట. కోడిని గుడ్ల మీద పొదగేయడానికి ఇంగ్లీషులో 'సెట్' అంటారు, ఉంగరంలో రాయి పొదగడానికీ 'సెట్' అంటారు. మనకూ రెండిటికీ పొదుగు అనే ఒక్క క్రియే ఉంది. ఎక్కడో ఉన్న రెండు భాషలు ఈ ఒక్క చోట ఇలా కలవడం నాకు ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది.

నిఘంటుప్రియ

వంటిల్లు గారి పొదుగు ఉదాహరణ అమూల్యం. దానిని నా పుస్తకంలో రాసుకున్నాను.

అయితే ధాతువు గారి సూత్రానికి ఒక గట్టి మినహాయింపు ఉంది, దానిని మాస్టారు గారి ముందు ఉంచకపోతే పిల్లలు మళ్ళీ చిక్కులో పడతారు. కప్పుల సెట్టు, నగల సెట్టు, టెన్నిసులో సెట్టు, ఇవి 'కూర్చోబెట్టు' అనే మూలం నుంచి వచ్చినవి కావు. సమూహం అనే అర్థంలోని నామవాచకం పాత ఫ్రెంచి భాషలోని 'సెట్' నుంచి వచ్చింది. దానికి మూలం లాటిన్ 'సెక్టా', అంటే ఒకరిని అనుసరించే వర్గం. మతశాఖ అనే అర్థంలో ఉన్న 'సెక్ట్' అనే మాటకూ అదే పుట్టుక. రెండు వేర్వేరు మాటలు ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఒకే ఉచ్చారణ, ఒకే వర్ణక్రమం పొంది, శతాబ్దాల తరబడి పక్కపక్కన ఉండి, ఒకదాని అర్థంలోకి మరొకటి చొరబడ్డాయి. ఒక క్రమంలో అమర్చి పెట్టిన వస్తువుల గుంపును చూసినప్పుడు అది 'అమర్చినది' కనుక సెట్టా, 'గుంపు' కనుక సెట్టా అని ఇంగ్లీషువారే విడదీయలేరు.

ధాతువు

పుట్టుక విషయంలో మీరు చెప్పినది సరైనదే. కానీ తొమ్మిదో తరగతి పిల్లలకు లాటిన్ మూలం అవసరమా అన్నది ఆలోచించాలి. రెండు మూటలుగా కడితే చాలు. క్రియగా వస్తే నిలపడం, నామవాచకంగా వస్తే జట్టు. దానితో ఎక్కువ వాక్యాలు తేలిపోతాయి.

నిఘంటుప్రియ

అంత సులువుగా తేలదని మనవి. సినిమా సెట్టు నామవాచకమే కానీ అది జట్టు కాదు, నిర్మించి నిలిపినది. రంగస్థలం మీది 'సెట్' కూడా అంతే. తల 'సెట్' చేయించుకోవడంలో వచ్చే కేశాలంకరణ, ఉల్లి సాగులో నాటడానికి వాడే చిన్న గడ్డలను 'సెట్స్' అనడం, ఇవన్నీ నామవాచకాలే, అన్నీ క్రియ నుంచే పుట్టాయి. పిల్లలకు వ్యాకరణం ఆధారంగా కాకుండా అర్థం ఆధారంగా రెండు మూటలు కట్టించడం మంచిదని నా గట్టి నమ్మకం. లాటిన్ పేరు చెప్పకపోయినా, ఇవి రెండు వేర్వేరు ఇళ్ళ నుంచి వచ్చిన మాటలని మాత్రం చెప్పాలి.

సున్నాసమితి

గణితం వైపు నుంచి ఒక మాట. గణిత పాఠాల్లో 'సెట్' అనే మాటను సమితి అని చదువుకుంటాము. ఆ భావనకు పునాది వేసిన గేయోర్గ్ కాంటర్ తన తొలి ముఖ్యమైన పత్రాన్ని 1874లో జర్మన్ భాషలో ప్రచురించాడు. తరువాతి రచనల్లో ఆయన స్థిరపరచిన జర్మన్ మాట 'మెంగే', అంటే రాశి లేదా సముదాయం. ఇంగ్లీషువారు దానికి 'సెట్' అన్నారు, మనవారు సమితి అన్నారు.

తెలుగులో సమితి అనే మాటకు అప్పటికే సభ, సంఘం అనే అర్థాలు ఉన్నాయి. ఐక్యరాజ్య సమితి, పంచాయతీ సమితి అందరూ ఎరిగినవే. ఫలితంగా ఉపసమితి అనే మాట గణిత పుస్తకంలో ఒక సమితిలోని భాగాన్ని తెలుపుతుంది, దినపత్రికలో మంత్రివర్గ ఉపసమితిని తెలుపుతుంది. ఇంగ్లీషులో మొదటిది 'సబ్‌సెట్', రెండోది 'సబ్‌కమిటీ'. ఇంగ్లీషు మాటకే అనేకార్థాలు ఉన్నాయని నిరాశపడే పిల్లలకు ఈ ఉదాహరణ చూపండి. మన మాటల్లోనూ ఇదే స్వభావం ఉందనీ, సందర్భాన్ని బట్టి తాము ఎప్పుడూ తడబడకుండా గ్రహిస్తున్నామనీ వారికి తెలుస్తుంది.

ఎదురుచూపు

మన విద్యార్థులకు సంబంధించి ఒక చిన్న హెచ్చరిక. ఈఏపీసెట్ (ఇదివరకటి ఎంసెట్), ఐసెట్, లాసెట్ అనే పేర్లలో చివర ఉన్న సెట్ ఈ మాట కాదు. అది ఉమ్మడి ప్రవేశ పరీక్షకు ఇంగ్లీషులో పెట్టిన పొడి అక్షరాల కూర్పు. అదే పరీక్షలో ప్రశ్నపత్రాల 'సెట్' అన్నప్పుడు మాత్రం మనం మాట్లాడుకుంటున్న మాటే. తెలుగు లిపిలో రెండూ ఒకేలా ఉంటాయి కనుక నా తమ్ముడు చాలాకాలం రెండూ ఒకటేననుకున్నాడు.

నల్లకోటు

న్యాయస్థానాలలో ఈ మాట వాడుకను అనువాదకులు తరచుగా పాడుచేస్తున్నారు, ఇది నాకు ఎప్పటినుంచో మనసులో ఉన్న బాధ. పై కోర్టు కింది కోర్టు తీర్పును 'సెట్ ఎసైడ్' చేసింది అంటే ఆ తీర్పును రద్దు చేసింది, కొట్టివేసింది అని అర్థం. కొన్ని వార్తల్లో దీనిని 'పక్కన పెట్టింది' అని రాస్తున్నారు. తెలుగులో పక్కన పెట్టడమంటే తరువాత చూద్దామని వాయిదా వేయడం. ఆ వార్త చదివిన కక్షిదారు తన కేసు ఇంకా నడుస్తున్నదనుకుంటే తప్పు ఎవరిది? సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 9, రూల్ 13 కింద ఏకపక్ష డిక్రీని, అంటే తాను హాజరు కానప్పుడు వచ్చిన తీర్పును, 'సెట్ ఎసైడ్' చేయమని ప్రతివాది కోరవచ్చు. అక్కడ ఆయన కోరుతున్నది ఆ డిక్రీ చెల్లకుండా పోవాలని.

'సెట్ ఆఫ్' సంగతి ఇంకా చిత్రమైనది. మామూలు ఇంగ్లీషులో అది బయలుదేరడం, లేదా బాణసంచా పేల్చడం. కోర్టులో అది ఒకరి బాకీని మరొకరి బాకీలో మినహాయించుకోవడం. విచారణ కాలంలో నిందితుడు జైలులో గడిపిన రోజులను శిక్షలో తగ్గించడాన్ని కూడా అదే మాటతో చెబుతారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 428వ సెక్షన్ దాని గురించే. మాట ఒక్కటే అయినా, తెలుగు చేసేటప్పుడు బాకీకి మినహాయింపు అనీ, శిక్షకు తగ్గింపు అనీ వేరుగా రాయడమే సబబు.

సీసపు అక్షరం

మా నాన్నగారు అచ్చాఫీసులో కంపోజిటరుగా పని చేశారు. ఆ పనిని ఇంగ్లీషులో 'టైప్‌సెట్టింగ్' అంటారు. ఎడమ చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు అనే చిన్న పళ్ళెం పట్టుకుని, కేసులోని గడుల నుంచి సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి, తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోయేవారు. పంక్తి నిండిన తరువాత మాటల మధ్య ఖాళీలలో సన్నని స్పేసులు దూర్చి, అక్షరాలు కదలకుండా బిగించేవారు. వదులుగా ఉంటే అచ్చులో అక్షరం ఒరిగిపోతుంది. ఇక్కడ 'సెట్' అనే మాటలో ధాతువు గారు చెప్పిన స్థానంలో ఉంచడమూ ఉంది, కాంక్రీటు గారు చెప్పిన కదలకుండా బిగియడమూ ఉంది. మేము తెలుగులో దీనిని కూర్పు అనేవాళ్ళం. పాటకు బాణీ కట్టడాన్ని, ప్రశ్నపత్రం తయారు చేయడాన్ని కూడా ఇంగ్లీషులో 'సెట్' అనే చెప్పడానికి కారణం ఇదేనని నేను అనుకుంటున్నాను. విడిగా ఉన్న వాటిని ఒక వరుసలో కూర్చడమే ఆ పనులన్నిటిలోని సారం.

తీరం

మాస్టారు గారి రెండో ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ పూర్తిగా సమాధానం చెప్పలేదు కనుక నేను ప్రయత్నిస్తాను. నేను అనువాదాలు చేస్తాను, ఈ తేడాలు నాకు రోజూ ఎదురవుతాయి.

'పుట్' అన్నిటికన్నా మామూలు మాట. ఎక్కడ పెట్టినా, ఎలా పెట్టినా సరిపోతుంది. 'ప్లేస్' అంటే ఫలానా చోటే అని చూసి ఉంచడం, కొంచెం మర్యాద ధ్వనిస్తుంది. 'లే' అంటే బారుగా పరచడం, పడుకోబెట్టడం. అందుకే ఇటుకలకూ, తివాచీకీ, శిశువుకూ 'లే' వస్తుంది. భోజనాల బల్ల సర్దడానికి బ్రిటన్‌లో 'లే' అనడం ఎక్కువ, అమెరికాలో 'సెట్' అంటారు. 'ఫిక్స్' అంటే ఊడిరాకుండా బిగించడం. ఇక 'సెట్' అనే మాటలో, పెట్టిన వస్తువు ఆ చోట నిలకడగా ఉండాలనే ఉద్దేశం, లేదా పని చేయడానికి సిద్ధంగా ఉండాలనే ఉద్దేశం ఉంటుంది. ఉచ్చును 'పుట్' చేస్తే నేల మీద ఉంచినట్టే, 'సెట్' చేస్తే ఎలుక కాలు పెట్టగానే పడేలా పన్నినట్టు. మన పన్ను అనే క్రియలో ఈ సిద్ధపరచడం చక్కగా ఉంది. అలారం, ఉచ్చు, పరుగుపందెంలో గీత దగ్గర సిద్ధంగా ఉండమనే ఆజ్ఞ, అన్నిటికీ 'సెట్' రావడానికి కారణం ఈ సిద్ధత.

వానలకు 'సెట్ ఇన్' అనడమూ గమనించదగ్గది. వాన మొదలైంది అంటే చాలదు. ఇప్పట్లో పోదు అనే భావం కూడా రావాలి. ముసురు పట్టింది అంటే అది పూర్తిగా వస్తుంది.

గచ్చిబౌలి గాలి

ఒక సందేహం. ఈ రోజుల్లో మనవాళ్ళు 'పెళ్లి సెట్ అయింది', 'వాడికి ఆ చొక్కా సెట్ అయింది', 'ఇద్దరికీ సెట్ కాలేదు' అంటున్నారు. ఇది ఇంగ్లీషు వాడుకేనా?

తీరం

కాదండీ, ఇది పూర్తిగా మన సొంత వాడుక. ఇంగ్లీషులో చొక్కాకు 'సూట్' అనో 'ఫిట్' అనో అంటారు. పెళ్లి విషయంలో 'ఫిక్స్' అనో, కుదిరిందని చెప్పే మరొక మాటో వాడతారు. ఇద్దరు మనుషుల మధ్య పొత్తు కుదరకపోతే 'సెట్' అనరు. మనం ఇంగ్లీషు మాటను తీసుకుని దానిలో కుదురు అనే తెలుగు క్రియ అర్థాన్ని మొత్తం పోశాం. పెళ్లి కుదిరింది, చొక్కా కుదిరింది, ఇద్దరికీ కుదరలేదు, మీరు రాసిన మూడు వాక్యాల్లోనూ కుదురు పెట్టి చూడండి, ఒక్క అక్షరం కూడా మార్చనక్కరలేదు.

దీనిలోనే మరొక మంచి విషయం ఉంది. ఇంగ్లీషులో 'సెట్' అనే క్రియకు సకర్మక రూపమూ అకర్మక రూపమూ ఒక్కటే. మేస్త్రీ ముద్దను కుదిర్చినా 'సెట్', ముద్ద తనంత తాను కుదురుకున్నా 'సెట్'. తెలుగులో కుదురు, కుదుర్చు వేరు. అమరు, అమర్చు వేరు. ఈ తేడా లేకుండా మనం మాట్లాడలేము కనుక, అరువు తెచ్చుకున్న మాటకు కూడా అవు, చేయు అనే క్రియలు తగిలించి సెట్ అయింది, సెట్ చేశాడు అని విడదీసుకున్నాం. ఫోనులో 'సెట్టింగ్స్' అనే చోట తెలుగులో అమరికలు అని రాయడం కూడా ఆ అమరు నుంచే వచ్చింది. సినిమావారు మాత్రం సెట్టు వేశారు అంటారు, పందిరి వేసినట్టు. చిత్రం 'సెట్స్ మీదకు వెళ్ళింది' అంటే చిత్రీకరణ మొదలైందని అర్థం.

పాఠశాలగంట

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇంత లోతైన సమాధానాలు వస్తాయని నేను ఊహించలేదు. నిఘంటుప్రియ గారు, ధాతువు గారు చర్చించిన రెండు మూటల పద్ధతినే తీసుకుని, అర్థం ఆధారంగా విడదీయిస్తాను. మొదటి రోజు కుదురు, కుదుర్చు, అమరు, అమర్చు, పొదుగు, పన్ను, తోడుకొను అనే క్రియలతో తెలుగు వాక్యాలు రాయించి, రెండో రోజు వాటి పక్కన ఇంగ్లీషు వాక్యాలు రాయించాలని అనుకుంటున్నాను. 'సెట్ ఆఫ్', 'సెట్ ఔట్' అనే జంట క్రియలను ఎప్పుడు చెప్పడం మంచిది? రెండూ బయలుదేరడమే కదా, తేడా ఉందా?

నిఘంటుప్రియ

వాటిని మూడో రోజుకు ఉంచండి. రెండిటి మధ్య తేడా స్వల్పం కానీ ఉంది. 'సెట్ ఆఫ్' అంటే ఉన్న చోటును విడిచి కదలడం మీద దృష్టి. 'సెట్ ఔట్' అంటే ఒక గమ్యం, ఒక ఉద్దేశం పెట్టుకుని బయలుదేరడం. అందువల్లనే రెండోది ఒక పనికి పూనుకోవడం అనే అర్థంలో కూడా వస్తుంది, ఫలానాది నిరూపించడానికి పూనుకున్నాడు అన్నట్టు. మొదటిదాన్ని ఆ అర్థంలో వాడరు.

రాయించేటప్పుడు భూతకాల రూపాన్ని కూడా గట్టిగా చెప్పండి. ఈ క్రియకు మూడు రూపాలూ 'సెట్' అనే ఉంటాయి, పిల్లలు అలవాటు కొద్దీ చివర 'ఎడ్' చేర్చి 'సెట్టెడ్' అని రాస్తారు. నిన్న వంటి మాట వాక్యంలో ఉంటే కాలం సులువుగా తెలుస్తుంది కాబట్టి, మొదట్లో ప్రతి వాక్యంలోనూ నిన్న, రోజూ, రేపు అనే మాటల్లో ఒకదాన్ని తప్పనిసరి చేయండి.